బోల్టులతో నిలిపే ప్రీకాస్ట్ కాలమ్: భూకంపానికి తట్టుకునేలా బిగించడం

2012 మేలో ఇటలీలోని ఎమీలియా ప్రాంతంలో భూకంపాలు వచ్చినప్పుడు ఎన్నో ప్రీకాస్ట్ (ముందే పోసిన కాంక్రీటు భాగాలను తెచ్చి కలిపే) ఫ్యాక్టరీ షెడ్లు కూలాయి. చాలాచోట్ల దూలాలను కాలమ్‌లకు బిగించనే లేదు, రాపిడి మీదే ఆనించారు. ప్రీకాస్ట్‌లో ప్రాణమంతా అతుకులోనే ఉంటుంది. పునాది దగ్గర కాలమ్ షూ (కాలమ్ అడుగున అమర్చే, బోల్టు రంధ్రమున్న స్టీల్ భాగం), యాంకర్ బోల్టులతో (పునాదిలో పాతిన బోల్టులు) వేసే అతుకు గురించి ఇక్కడ చూద్దాం.

డిజైన్‌లో ముందు తేల్చాల్సింది ఒక్కటే: ఊపు వచ్చినప్పుడు ఏది సాగాలి? కాలమ్ కడ్డీలు సాగాలనుకుంటే అతుకు వాటికన్నా బలంగా ఉండాలి. కడ్డీ అసలు బలం కాగితం మీది అంకెను దాటుతుంది కాబట్టి దాన్ని 1.25 రెట్లుగా లెక్కించడం మేలు. అప్పుడు పగుళ్లు షూ పైభాగానికి జరుగుతాయి. నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగులు దగ్గరగా ఉండాల్సిన ఎత్తును అక్కడి నుంచే కొలవండి, షూ చుట్టూ కూడా వదలొద్దు. భారతీయ ప్రమాణం ఐఎస్ 13920:2016 ప్రకారం రింగుల మధ్య దూరం 100 మి.మీ. మించకూడదు. కాలమ్ చిన్న వైపులో నాలుగో వంతు, సన్నని నిలువు కడ్డీ వ్యాసానికి 6 రెట్లు కూడా చూసి, మూడింటిలో తక్కువది తీసుకోవాలి. రింగు చివరి కొక్కెం 135 డిగ్రీలు వంచాలి.

బోల్టే సాగాలనుకుంటే దానికి సాగే పొడవు ఇవ్వండి. 6 మి.మీ. సాగుదల 60 మి.మీ. పొడవులోనే పడితే 10 శాతం అవుతుంది, మర దగ్గరే తెగిపోవచ్చు. కాంక్రీటు అంటకుండా 300 మి.మీ. మేర గొట్టం తొడిగితే అదే 2 శాతం. మర భాగం కన్నా ముందు నున్నటి భాగం సాగేలా బోల్టును ఎంచుకోవాలి.

సైటులో బోల్టులను వాటి స్థానాల్లో నిలిపే స్టీల్ టెంప్లేట్‌తో బిగించాకే పునాది పోయండి. కింది నట్లు, వాషర్లు ఒకే మట్టానికి తెచ్చి, కాలమ్ దించి, రెండు దిక్కులా కోణాలు కొలిచే థియోడలైట్‌తో నిలువు చూసి పై నట్లు బిగించండి. బోల్టు కలవలేదని గ్యాస్‌తో కాల్చి వంచడం, షూ రంధ్రం కోసి పెంచడం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. వేడికి ఆ స్టీల్ గుణమే మారిపోతుంది. డిజైనర్‌ని అడగండి.

కాలమ్ అడుగుకు, పునాదికి మధ్య ఉండే సుమారు 50 మి.మీ. ఖాళీలోకి కుంచించుకుపోని గ్రౌట్ (జారుగా పోసే సిమెంట్ మిశ్రమం) పోయాలి. దాని బలం కాలమ్ కాంక్రీటుకన్నా తక్కువ ఉండకూడదు. పునాది పైతలం గరుకుగా చేసి, తడిపి, నిలిచిన నీళ్లు తుడవండి. ఒక పక్క నుంచే ఆపకుండా పోస్తే గాలి రెండో పక్కకు పోతుంది. రెండు వైపులా పోస్తే మధ్యలో బుడగ మిగులుతుంది, కోత బలం (పక్కకు జారకుండా ఆపే బలం) అక్కడే దెబ్బతింటుంది. జారుడు కోసం బస్తా మీద రాసినదానికి మించి నీళ్లు కలపొద్దు. మన ఎండాకాలంలో తెల్లవారుజామున, చల్లని నీళ్లతో కలపండి.

గ్రౌట్ గట్టిపడేదాకా బరువంతా బోల్టుల మీదే. గ్రౌట్ దిమ్మలను నొక్కి చూసే క్యూబ్ పరీక్షలో బలం తేలాకే దూలాలు ఎక్కించండి. షూలో నట్లు ఉండే గుంతలను కూడా అదే గ్రౌట్‌తో నింపేయండి, లేకపోతే నట్లు తుప్పు పడతాయి.