స్వయంగా ఫొటోగ్రఫీ – 6వ పాఠం: చంద్రుణ్ణి బట్టి వేసిన లెక్క

పోయిన వారం ఇచ్చిన ఇంటిపని గుర్తుంది కదా? ఒక తెల్ల పంచెని, ఒక నల్ల గొడుగుని ఫ్రేమంతా నిండేలా, వెలుగు లెక్క కెమెరాకే వదిలేసే ఆటో మోడ్‌లో తీయమన్నాను. ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. పంచె మాసినట్టు, గొడుగు వెలిసినట్టు వచ్చి ఉంటాయి. ఫోన్‌లో తీసినవాళ్ళకి తేడా కాస్త తక్కువగా కనిపించొచ్చు, లోపలి సాఫ్ట్‌వేర్ ఎంతోకొంత సర్దేస్తుంది. కెమెరా పాడైందేమోనని టెన్షన్ పడకండి. కెమెరాలో వెలుగుని కొలిచే మీటర్‌కి పంచె తెలీదు, గొడుగూ తెలీదు. దేన్ని చూపించినా నడిమి బూడిదరంగే అనుకుని లెక్క చెబుతుంది.

మరి తెల్లనిది తెల్లగా రావాలంటే ఏం చేయాలి? దీనికి పద్ధతి కట్టినవాడు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్. 1902లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. పియానో విద్వాంసుడు కావాలని ఏళ్ళ తరబడి సాధన చేశాడు. కానీ 1916లో ఇంట్లోవాళ్ళతో యోసెమిటీ లోయకి వెళ్ళినప్పుడు చేతికొచ్చిన కోడాక్ బ్రౌనీ కెమెరా అతన్ని మెల్లగా ఇటు లాగేసింది. 1940 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని ఆర్ట్ సెంటర్ స్కూల్లో పాఠాలు చెబుతూ, తోటి ఫొటోగ్రాఫర్ ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి జోన్ సిస్టమ్ తయారుచేశాడు.

పేరు చూసి బెదరకండి. కటిక నలుపు 0, కాగితం తెలుపు 10, మధ్యలో ఒక్కో మెట్టుకీ ఒక్కో స్టాప్ తేడా. అంటే మెట్టు ఎక్కితే వెలుగు రెట్టింపు, దిగితే సగం. మీటర్ ఎప్పుడూ 5వ మెట్టే చెబుతుంది. పంచె నేత కనిపిస్తూనే తెల్లగా ఉండాలంటే దాని చోటు 7. గొడుగు గుడ్డ మడతలు కనిపిస్తూనే నల్లగా ఉండాలంటే 3. ఏది ఏ మెట్టు మీద ఉండాలో చెప్పాల్సింది మీరే.

ఇది బాగా అర్థం కావాలంటే ఒక సాయంత్రం గురించి చెప్పాలి. 1941లో న్యూ మెక్సికోలో కారులో తిరిగి వస్తుంటే, హెర్నాండెజ్ అనే చిన్న ఊరి దగ్గర ఆడమ్స్‌కి ఒక దృశ్యం కనిపించింది. మంచు కొండల మీద చంద్రుడు. కింద శ్మశానంలోని తెల్ల శిలువల మీద అస్తమిస్తున్న సూర్యుడి చివరి వెలుగు. కారు ఆపి, 8x10 అంగుళాల ఫిల్మ్ పట్టే పెద్ద కెమెరా నిలబెట్టి చూస్తే మీటర్ కనబడదు. వెతికే టైమ్ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిళ్ళని.

ఇక్కడ పెన్ను తీసుకోండి. చంద్రుణ్ణి 7వ మెట్టు మీద పెట్టాడు. 5కి రావాలంటే రెండు మెట్లు దిగాలి. 250లో సగం 125, అందులో సగం సుమారు 60. ఫిల్మ్ స్పీడ్, అంటే ఫిల్మ్ వెలుగుని పట్టే వేగం, 64. దాని వర్గమూలం 8. సూత్రం ఇది: లెన్సు కన్ను తెరిచే కొలత, అంటే అపర్చర్, ఆ వర్గమూలానికి సరిపెడితే, షట్టర్ తెరిచి ఉంచాల్సింది సెకనులో 5వ మెట్టు క్యాండిళ్ళన్నో వంతు. కాబట్టి అపర్చర్ ఎఫ్/8 పెడితే షట్టర్ 1/60 సెకను. లెన్సుకి పెట్టిన ముదురు పసుపు ఫిల్టర్ వెలుగుని మూడో వంతుకి తగ్గిస్తుంది కాబట్టి 1/20. దగ్గరి శిలువల నుంచి దూరపు కొండల దాకా అన్నీ స్పష్టంగా రావాలని అపర్చర్‌ని ఎఫ్/32కి బిగించాడు. అది నాలుగు స్టాపులు, అంటే 16 రెట్లు. 16/20 అంటే దాదాపు ఒక సెకను. తీశాడు. రెండో ఫిల్మ్‌కి సిద్ధమయ్యేలోపే శిలువల మీద వెలుగు పోయింది.

చిత్రమేమిటంటే, ఇంత లెక్క వేసినవాడు తేదీ మాత్రం రాసుకోలేదు. చంద్రుడి స్థానాన్ని బట్టి ఖగోళ శాస్త్రం తెలిసినవాళ్ళు తర్వాత తేల్చారు: నవంబర్ 1, సాయంత్రం 4:49.

లెక్క కుదిరినంత మాత్రాన పని అయిపోలేదు. చంద్రుణ్ణి కాపాడుకున్నందుకు నేల నెగెటివ్‌లో పలచగా వచ్చింది. 1948లో ఆ భాగానికి రసాయనాలతో బలం పెంచాడు. డార్క్‌రూమ్‌లో ఏళ్ళు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నలుపు చేస్తూ పోయాడు. మొదటి ప్రింట్లలో మబ్బులున్న ఆకాశం, చివరివాటిలో దాదాపు కాటుక. నాకైతే మధ్యకాలం ప్రింట్లే ఇష్టం.

ఈ వారం పని. మళ్ళీ పంచె, గొడుగు. ఫోన్‌లో తెర మీద వేలు ఆనించి ఫోకస్ పట్టుకోండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పంచెకి పైకి, గొడుగుకి కిందకి జరపండి. కెమెరా ఉంటే పంచెకి ఒక స్టాప్ పెంచి ఒకటి, రెండు పెంచి ఒకటి తీయండి. నేత చెరిగిపోతే వెనక్కి రండి. తర్వాత, పౌర్ణమికి ఒకటి రెండు రోజుల ముందు సాయంత్రం మేడ ఎక్కండి. పొద్దు గుంకకముందే చంద్రుడు పైకొస్తాడు కాబట్టి ఇళ్ళ మీద ఇంకా వెలుగు ఉంటుంది. హెర్నాండెజ్ ఫొటోలో ఉన్నదీ నిండు చంద్రుడు కాదు. చంద్రుడి మీద మచ్చలు కనిపించేదాకా ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగు, తగ్గిస్తూ వెళ్ళి, అప్పుడు మీ వీధి ఎన్నో మెట్టు మీదికి దిగిందో రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితం కావాలి.