పిల్లలకు ప్యాక్డ్ సెల్స్ (ప్లాస్మా చాలావరకు తీసేసిన ఎర్రకణాల రక్తం) ఎక్కించేటప్పుడు
తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) ఉన్న బిడ్డకు సాధారణంగా కిలోకు 10–15 మి.లీ. ఎక్కిస్తారు, వేగం గంటకు కిలోకు 5 మి.లీ. దాటనివ్వకండి. గుండె బలహీనంగా ఉంటే ఇంకా నెమ్మదిగా. ఫ్రిజ్ నుంచి తీశాక 4 గంటల్లో పూర్తికావాలి, లేదంటే బ్యాక్టీరియా పెరుగుతుంది. రక్తం వెళ్లే లైనులో నార్మల్ సెలైన్ తప్ప మరేదీ వద్దు: మరో డ్రిప్ ద్రవమైన రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం గడ్డలు కట్టిస్తుంది, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రవం) ఎర్రకణాలను పగలగొడుతుంది.

పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), గ్రూపు, బ్యాగు నంబరు మంచం పక్కనే ఇద్దరు కలిసి సరిచూడాలి. తప్పు గ్రూపు రక్తం ఎక్కేది ఎక్కువగా ఇక్కడి తొందరపాటు వల్లే.

మొదటి 15 నిమిషాలు బిడ్డను వదలకండి. రక్తం పడకపోతే నడుము నొప్పి రావచ్చు, కానీ మాటలు రాని పసివాళ్లు ఆ మాట చెప్పలేరు కదా. ఆగని ఏడుపు, వణుకు, జ్వరం, ఎర్రటి మూత్రం కనిపిస్తే వెంటనే ఆపండి. కొత్త గొట్టం సెట్‌తో సెలైన్ పెట్టి డాక్టర్‌ను పిలవండి. బ్యాగు పారేయకుండా బ్లడ్ బ్యాంకుకు పంపండి.