విద్యార్థులకు క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఎంపిక - 3వ పాఠం: స్టెప్ ఫైలుతో వచ్చిన చిక్కు

గత పాఠంలో క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌పై కొలతలతో నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్‌లో, 60 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం గల పలకకు రెండు రంధ్రాలు వేసి, దాన్ని స్టెప్ ఫైలుగా (ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి నమూనాను పంపే ఉమ్మడి ఫైలు రూపం) మరో సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లమన్నాను. ఫైలు తెరుచుకుంది గానీ మందాన్ని 12 మి.మీ.కు మార్చడానికి కొలతే కనబడలేదని చాలామంది రాశారు. ముందుగా హెచ్చరించకపోవడం నా పొరపాటే కనుక, ఈసారి లైసెన్సుల సంగతి కుదించి ఈ చిక్కునే విప్పుతాను.

ఐఎస్‌ఓ 10303 అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని అనుసరించే స్టెప్ ఫైలు సాధారణంగా వస్తువు తుది ఆకారాన్నే మోసుకెళ్తుంది. ఏ స్కెచ్ (ఆకారానికి ఆధారంగా గీసే సమతల చిత్రం) ముందు గీశారు, ఏ కొలతను దేనికి ముడిపెట్టారు అన్న వరుస అందులో ఉండదు. ఒక విద్యార్థి రంధ్రాన్ని ఎడమ అంచు నుంచి 15 మి.మీ. దూరంలో పెట్టాడనుకోండి, మరొక అమ్మాయి పలక మధ్యరేఖకు అటూ ఇటూ సమదూరంలో, సరిగ్గా అదే చోట పెట్టిందనుకోండి. స్టెప్ ఫైళ్లలో ఇద్దరి పలకలకూ తేడా తెలియదు. గీసిన సాఫ్ట్‌వేర్ సొంత రూపంలోని అసలు ఫైళ్లలో పొడవును 80 మి.మీ. చేస్తే మాత్రం, అబ్బాయి రంధ్రం ఎడమ అంచునే పట్టుకొని ఉంటుంది, అమ్మాయి రంధ్రాలు మధ్యరేఖకు సమదూరంలోనే నిలుస్తాయి. మనం దిద్దవలసింది ఆ ఆలోచననే కాబట్టి, అసలు ఫైలునే చూడాలి; అందుకు ఇంట్లోనూ ల్యాబ్‌లోనూ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే వెర్షన్ ఉండేలా ఎంచుకోవాలి.

నా మొగ్గు ఫ్రీక్యాడ్ వైపు. లైసెన్సు రుసుము లేదు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. అయితే 2024 నవంబరులో వచ్చిన 1.0కు ముందు వెర్షన్లలో, మొదటి స్కెచ్ మారిస్తే వస్తువు తలాలకు (ముఖాలకు) సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న అంతర్గత పేర్లు మారిపోయి, వాటిపై గీసినవి చెదిరేవి. 1.0లో ఆ బాధ చాలావరకు తగ్గినా, నేను ఇప్పటికీ స్కెచ్‌ను వస్తువు తలం మీద కాక మూల సమతలం (సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉండే, మారని తలం) మీదే పెట్టిస్తాను. ఆన్‌షేప్ బ్రౌజర్‌లో నడుస్తుంది కనుక పాత కంప్యూటర్లకు అనువే; కానీ దాని సాధారణ ఉచిత ఖాతాలో గీసినవి అందరికీ కనబడతాయి కాబట్టి విద్యా ఖాతాయే తీసుకోండి. ఆటోక్యాడ్ 2018 రూపంలో దాచిన డీడబ్ల్యూజీ ఫైలు (ఆటోక్యాడ్ సొంత ఫైలు) 2016 వెర్షన్‌లో తెరుచుకోదు. ల్యాబ్‌లో పాతది ఉంటే పాత రూపంలోనే దాయించండి. టింకర్‌క్యాడ్ చిన్న తరగతులకు చాలు, డిప్లొమాకు చాలదు.

అభ్యాసం: అదే పలకను రెండు సాఫ్ట్‌వేర్లలో గీయండి. దేన్నీ చెరపకుండా పొడవును 80, మందాన్ని 12, రంధ్రాల వ్యాసాన్ని 8 నుంచి 10 మి.మీ.కు మార్చి, ఏది ఎక్కడ చెదిరిందో రాసుకోండి. తర్వాత ఇంటర్నెట్ తీసేసి, వేరొక కంప్యూటర్‌లో మళ్లీ ప్రయత్నించండి.