జపాన్‌లో జూడోకు వెళ్తున్నారా? ముందు పడటం నేర్చుకోండి

ఉద్యోగానికని జపాన్ వచ్చి నెలైనా కాని మన తెలుగు కుర్రాడొకడు పోయిన ఆదివారం మా డోజోలో (జూడో నేర్పే చోటు) పడబోతూ నేలకు చేయి ఆనించాడు. మణికట్టు బూరెలా వాచింది. నాలుగేళ్ల కిందట నేనూ అదే ఘనకార్యం చేసి, మూడు వారాలు ఎడమ చేత్తో చెంచా పట్టుకుని పప్పన్నం తిన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఫీజులూ వేళలూ అక్కడే చెబుతారు. జూడోగి, అంటే జూడో దుస్తుల ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. తిరగేసి కడితే ఇక్కడ శవానికి కట్టినట్టు. ఎవరూ నవ్వరు, దగ్గరికొచ్చి సరిచేస్తారు. దానికన్నా నవ్వడమే నయం.

ఇక పడటం. గడ్డం ఛాతీకి ఆనాలి, చూపు నడుంపట్టీ ముడి మీద ఉండాలి. వీపు చాపను తాకే క్షణానికే అరచేయి నుంచి మోచేతి దాకా ఒక్కసారిగా చరచాలి. ఆ చేయి ఒంటికి దగ్గరగానే ఉండాలి, భుజం ఎత్తుకు పోకూడదు. మొదట పడుకుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆపైన నిలబడి. దీన్నే ఉకెమి అంటారు. విసుగనిపిస్తుందా? అనిపించనివ్వండి.

జూడోకు ఆద్యుడైన జిగోరో కానో చిన్నప్పుడు బక్కపలచగా ఉండేవారు. బడిలో బలమైన పిల్లలు ఏడిపిస్తుంటే జుజుత్సు అనే పాత యుద్ధవిద్య నేర్పే గురువులను వెతుక్కున్నారు. 1882లో టోక్యోలోని ఎయిషోజి గుడిలో 12 చాపల గదిలో జూడో మొదలుపెట్టారు. ప్రమాదకరమైన గుద్దులను కతాలకే, అంటే ముందే అనుకున్న వరసలో చేసే సాధనలకే పరిమితం చేశారు. మిగిలిన విసుర్లను ఎదురుతిరిగే మనిషి మీద పూర్తి బలంతో సాధన చేయించారు. అలా రోజూ విసరాలంటే పడినవాడు మర్నాడు మళ్లీ రావాలి కదా!

మా కుర్రాడు మొదటిరోజే కత్తివాడిని ఎలా ఆపాలని అడిగాడు. దానికీ పాఠం ఉంది. 1956లో కొడోకాన్ (కానో పెట్టిన జూడో బడి) కూర్చిన గోషిన్ జుత్సు అనే ఆత్మరక్షణ కతాలో 21 పద్ధతులున్నాయి: 12 వట్టి చేతుల దాడికి, 9 కత్తికీ కర్రకూ పిస్తోలుకూ. దాడి వచ్చే దారి నుంచి పక్కకు తప్పుకోవడమే అందులో అసలు మెళకువ. బ్లాక్ బెల్టు రాకముందు మా దగ్గర అది చూపించరు. నాలుగేళ్లలో నా మీద ఎవరూ కత్తి దూయలేదు. సైకిలు మాత్రం వానలో రెండుసార్లు పడేసింది. రెండోసారి గడ్డం దానంతటదే ఛాతీకి ఆనింది, తల రోడ్డుకు తగల్లేదు.

గొంతు మీద పట్టు బిగిస్తే వెంటనే అవతలివాడినో చాపనో రెండుసార్లు తట్టండి, ఓడానని దానర్థం. కింద పడ్డా పైచేయి నాదేనని బిగబడితే స్పృహ తప్పుతుంది.

సరే, మరీ భయపెట్టానేమో. రెండు మూడు నెలల్లో వీపుకు చాప అలవాటవుతుంది. నాకే అలవాటైందంటే ఎవరికైనా అవుతుంది. ఆ కుర్రాడు నిన్న కట్టుతోనే వచ్చి గోడ పక్కన కూర్చుని చూశాడు. ఈసారి కాలిగోళ్లు కత్తిరించుకుని రమ్మన్నాను.