సిగ్నల్ దగ్గర ఫ్రీ లెఫ్ట్: ఎప్పుడు తిరగాలి, ఎట్లా తిరగాలి

మా అక్క కొడుకు చదువుకోవడానికి టెక్సస్ పోయిన మూడో నెలలోనే ఫోన్ చేసి, "మామా, రెడ్ లైట్ దగ్గర రైట్ తిరిగినానని టికెట్ చేతిలో పెట్టినారు, అందరూ తిరుగుతానే ఉంటారు, నన్నొక్కడినే పట్టుకున్నారు" అని ఒకటే గోల. టికెట్ అంటే మన చలానా లెండి. అరగంట మాట్లాడితే తేలిందేమంటే, వాణ్ణి పట్టుకున్నది తిరిగినందుకు కాదు, ఆగకుండా తిరిగినందుకు. వాడు బండి నేర్చుకున్నది కర్నూల్లో, నా స్కూటీ మీద, నా వెనక కూర్చుని చూసి. అందుకే ఇది రాస్తున్నా.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి వాళ్ళ రైట్ అంటే మనకు లెఫ్ట్, అద్దంలో చూసినట్టు. మనకు ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నల్ రెడ్ ఉన్నా ఎడమకు తిరగడం, ఎట్లాగో వాళ్ళకు రైట్ ఆన్ రెడ్ అట్లా. ఎదురుగా వచ్చే బండ్లను అడ్డంగా దాటే పని లేని మలుపు కాబట్టే ఈ వెసులుబాటు. రెడ్ ఉండగా మన ఊళ్ళో రైట్ తిరగడం మాత్రం ఎక్కడా లేదు, పోలీసు చెయ్యి ఊపితే తప్ప.

మొదటి సంగతి, ప్రతి సిగ్నల్ దగ్గరా లెఫ్ట్ ఫ్రీ కాదు. మనం కర్నూల్లో రాజ్‌విహార్ నుంచి సీ క్యాంప్ దాకా ఏ కూడలి వచ్చినా "లెఫ్టే కదా" అని పోనిస్తుంటాం. ఫ్రీ లెఫ్ట్ అని బోర్డు ఉందా, ఎడమవైపు ఆకుపచ్చ బాణం వెలిగిందా, లెఫ్ట్ పోయేవాళ్ళకు సిమెంటు దిమ్మె కట్టి విడిగా దారి ఇచ్చారా, ఈ మూడిట్లో ఒకటి కనపడితే తిరగండి. ఏదీ లేకపోతే రెడ్ అంటే లెఫ్ట్‌కూ రెడ్డే. ఎడమ బాణమే ఎర్రగా వెలిగితే ఇంక అడగాల్సిన పని లేదు. అక్కడ పోలీసాయన నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడంటే బోర్డు మీద ఏముందని ఆయనతో వాదనకు దిగొద్దు, లైటు కన్నా ఆయన చెయ్యి పెద్దది. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు రెడ్ లైట్ దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారికే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదంటే 6 నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, కావాలంటే రెండూ వెయ్యొచ్చని అందులో రాసి ఉంది.

తిరిగే పని సిగ్నల్ దగ్గర మొదలు కాదు, అంతకు 30 మీటర్ల ముందే మొదలవుతుంది. ఇండికేటర్ వేసి, అద్దంలో చూసి, మెల్లగా ఎడమ అంచుకు రావాలి. మనవాళ్ళు చేసేది దీనికి సరిగ్గా రివర్సు. నడిమధ్య లైన్లో వచ్చి, సిగ్నల్ ముందు ఆగిన నాలుగు బండ్ల మూతుల ముందు నుంచి అడ్డంగా కోసుకుని లెఫ్ట్ పోతారు. ఆ టైములోనే గ్రీన్ పడిందా, ఇంక ఆ కూడలిలో వినపడే మాటలు రాయలేను.

తర్వాత ఆగడం. గీత దగ్గర ఆగండి, గీత చెరిగిపోయి కనపడకపోతే జీబ్రా మొదలయ్యే చోటికి ముందే. ఆగడమంటే బ్రేక్ మీద కాలు ఆనించి జారుకుంటూ పోవడం కాదు, చక్రం తిరగడం ఆగాలి. విడిగా దారి ఇచ్చిన చోట పూర్తిగా ఆగాలా అంటే, అడ్డం ఎవరూ లేకపోతే అక్కర్లేదు, కానీ ఎవరైనా కనపడితే అక్కడికక్కడ ఆపగలిగినంత మెల్లగా రావాలి.

అసలు ప్రమాదం ఎక్కడుందో నాకు ఒక సాయంత్రం రాజ్‌విహార్ దగ్గర తెలిసింది. లెఫ్ట్ తిరుగుతున్నా, కుడివైపు నుంచి ఆటోలు వస్తున్నాయి, నా మెడ పూర్తిగా కుడికి తిరిగి ఉంది, రెండు ఆటోల మధ్య సందు దొరకగానే స్కూటీ ముందుకు పోనిచ్చినా. నేను కుడికి చూస్తున్నా, నా బండి ఎడమకు పోతోంది. ఒక పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకుని జీబ్రా మీద ఉన్నాడు, ఆయన్ని నేను చూడనే లేదు. బ్రేక్ పట్టేసరికి ముందు చక్రం ఆయన చేతిసంచికి తగిలింది, టమాటాలు రోడ్డు నిండా. ఆయన తిట్టలేదు, "చూసుకోని పోప్పా" అన్నాడంతే. నేను హెల్మెట్ తియ్యకుండానే వంగి టమాటాలు ఏరుతుంటే వెనక ఒకటే హారన్లు, ఒక టమాటా మీద నుంచి ఆటో పోయింది కూడా. పిల్లోడు మాత్రం నవ్వుతున్నాడు.

ఆలోచిస్తే తప్పు అర్థమైంది. నడిచేవాళ్ళు మన వైపు రెడ్ చూసి, బండ్లు ఆగాయి కదా అని దిగుతారు. మనమేమో ఆ రెడ్‌లోనే తిరుగుతూ, వాళ్ళున్న వైపు కాకుండా బండ్లు వచ్చే వైపు చూస్తాం. అందుకని చూపు వరస ఇట్లా పెట్టుకోండి: ముందు కుడి, తర్వాత ఎడమ, మళ్ళీ కుడి, బండి కదిలించే క్షణంలో మాత్రం బండి పోయే వైపే, అంటే ఎడమకే చూపు ఉండాలి. మన ఊళ్ళో ఎడమవైపు చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది, రాంగ్ రూట్‌లో వచ్చే బైకు. పెట్రోలు బంకు నుంచి బయటికొచ్చి యూటర్న్ దాకా పోవడం బద్ధకమై, అంచు పట్టుకుని ఎదురొస్తాడు. తప్పు వాడిదే, కానీ కిందపడేది ఇద్దరూ.

జీబ్రా మీద మనిషి ఉంటే ఆపి పోనివ్వండి, హారన్ కొట్టి పరిగెత్తించొద్దు. మీ ముందు కారు ఆగిందంటే దాని ముందు ఎవరో నడుస్తున్నారని అర్థం చేసుకోండి, పక్కనుంచి దూరిపోతే మీరు నేరుగా వాళ్ళ మీదికే పోతారు. కుడి నుంచి గ్రీన్ మీద వచ్చే బండ్లకు దారి వాళ్ళది. వాళ్ళు మిమ్మల్ని చూసి బ్రేక్ వెయ్యాల్సి వచ్చిందంటే మీరు తొందరపడ్డట్టే.

బస్సులు, లారీల సంగతి విడిగా చెప్పాలి. ఆర్టీసీ బస్సు లెఫ్ట్ తిరిగేటప్పుడు ముందు కొంచెం కుడికి జరుగుతుంది, అంత పొడుగు బండి ఒక్కసారిగా తిరగలేదు కాబట్టి. అప్పుడు ఎడమవైపు ఇంత ఖాళీ కనపడుతుంది. ఆ ఖాళీ మన కోసం కాదు. బస్సు ముందు చక్రం పోయిన దారిలో వెనక చక్రం పోదు, అది మలుపు లోపలికి, అంచుకు ఆనుకుని కోసుకుంటూ వస్తుంది, సరిగ్గా మీ స్కూటీ ఉన్న చోటికి. ఎడమ పక్కన కింద ఉన్న మీరు డ్రైవరుకు అద్దంలో కనపడరు. బస్సు తిరిగి పోయేదాకా వెనకే ఉండండి, పోయేది పది సెకన్లే.

నేరుగా పోయేవాళ్ళకూ ఒక మాట. ఫ్రీ లెఫ్ట్ దారిలో మీ బైకు ఆపి, రెడ్ ఎప్పుడు పోతుందా అని అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడొద్దు. వెనక ఇరవై మంది లెఫ్ట్ పోవాల్సినవాళ్ళు ఉంటారు, వాళ్ళలో ఒకరు పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు కావచ్చు. ఆటో అన్నలు సరిగ్గా ఆ మలుపులోనే మనుషుల్ని ఎక్కించుకుంటారు, వాళ్ళకు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది, ఇంక మీరైనా అక్కడ ఆటో ఎక్కకుండా నాలుగడుగులు ముందుకు నడవండి.

ఇప్పుడు అమెరికా పోయే పిల్లలకు. 1973లో చమురు కొరత వచ్చినప్పుడు రెడ్ దగ్గర ఊరికే ఆగి పెట్రోలు కాల్చడం దండగని, 1975లో వాళ్ళ ఇంధన చట్టం ఈ రైట్ ఆన్ రెడ్‌ను దేశమంతా ముందుకు తోసింది. 1980కల్లా 50 రాష్ట్రాల్లోనూ వచ్చేసింది. పద్ధతి ఒకటే, ముందు గీత దగ్గర పూర్తిగా ఆగాలి, తర్వాత ఎడమ నుంచి వచ్చే బండ్లకూ, నడిచేవాళ్ళకూ, సైకిళ్ళకూ దారి ఇచ్చి తిరగాలి. మా వాడు చేసినట్టు జారుకుంటూ పోతే కెమెరా ఉన్నచోట అదే ఫోటో తీస్తుంది. మెడ సంగతి అక్కడా ఇదే, కాకపోతే తిరగేసి: ఎడమకు చూస్తూ కుడివైపు మనిషిని మర్చిపోతారు.

"నో టర్న్ ఆన్ రెడ్" అని బోర్డు ఉంటే తిరగొద్దు, కొన్నిచోట్ల దాని కింద ఏ టైములో కూడదో కూడా రాసి ఉంటుంది, చదవండి. న్యూయార్క్ నగరంలో లెక్క తలకిందులు, తిరగొచ్చని బోర్డు ఉంటేనే తిరగాలి. ఎర్ర బాణం ఉంటే కాలిఫోర్నియాలో తిరగకూడదు, మిగతా రాష్ట్రాలు ఒక్కోటి ఒక్కో రకం, లైసెన్సు పరీక్షకు ఇచ్చే పుస్తకంలో చూసుకోండి. తిరగొచ్చు అన్నారు గానీ తిరిగి తీరాలని ఎవరూ అనలేదు, అనుమానంగా ఉంటే గ్రీన్ దాకా ఆగండి, వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీ. కెనడాలో మాంట్రియల్ దీవి మీద ఇది అసలు లేదు. బ్రిటన్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి ఫ్రీ లెఫ్ట్ ఉంటుందనుకుంటారు కొందరు, అక్కడ రెడ్ అంటే రెడ్డే, ప్రత్యేకంగా ఆకుపచ్చ బాణం పడితే తప్ప. జర్మనీలో సిగ్నల్ పక్కన నల్ల పలక మీద ఆకుపచ్చ బాణం గీసి పెడతారు, అది ఉన్నచోట ఆగి రైట్ తిరగొచ్చు, తూర్పు జర్మనీ నుంచి మిగిలిన అలవాటు అది.

ఒకటి మర్చిపోయినా. తిరిగినాక ఇండికేటర్ ఆపండి. బళ్లారి చౌరస్తాలో వేసిన లెఫ్ట్ ఇండికేటర్‌ను నంద్యాల చెక్‌పోస్ట్ దాకా మినుకు మినుకుమని తీసుకుపోయేవాళ్ళను రోజూ చూస్తున్నా, వాళ్ళ వెనక పోయేవాళ్ళు ప్రతి సందు దగ్గరా బ్రేక్ మీద కాలు పెట్టుకునే పోవాలి.