అక్వేరియం ఇసుకకు సీసా గొట్టం

మా అక్వేరియంలో సగం గులకరాళ్లు, సగం సన్నని ఇసుక. అడుగున చేరే మలినాన్ని పీల్చడానికి బ్యాటరీతో నడిచే వ్యాక్యూమ్ వాడితే, రాళ్ల దగ్గర బాగానే పనిచేసింది. ఇసుక దగ్గరికి వచ్చేసరికి రేణువులు మోటారు రెక్కల్లోకి చేరి కరకరలాడేవి. రెక్కలు అరిగిపోవడం ఖాయం. అందుకే లీటరు నీళ్ల సీసా అడుగు కోసి, మూతికి మెత్తని ప్లాస్టిక్ గొట్టం తొడిగి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాను. రెండో కొస నేల మీది బకెట్లో. గొట్టం నిండా నీళ్లుంటే చాలు, కరెంటు అవసరం లేదు.

కిటుకంతా సీసా వెడల్పులోనే ఉంది! సన్నని గొట్టంలో దూసుకుపోయే నీరు వెడల్పైన సీసాలో నెమ్మదిస్తుంది. అందువల్ల బరువైన రాళ్లు కాస్త లేచి మళ్లీ పడిపోతాయి, తేలికైన మలినం మాత్రం పైకి పోతుంది. ఇసుకలో మాత్రం సీసాను గుచ్చకూడదు. రెండు వేళ్ల ఎత్తున తిప్పాలి. ఇసుక ఎగబాకితే గొట్టాన్ని క్షణం నొక్కిపట్టాలి. చేపలూ బెదరవు.

హైదరాబాద్‌లో మా వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి నాలుగో వంతుకు మించి తీయను. ఆ మురికి నీళ్లు బాల్కనీలోని కరివేపాకు మొక్కకు పోస్తాను. కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు తప్పనిసరి.