అపార్టుమెంటు నీటి లెక్క – మూడో పాఠం: ఫ్లాటుకో మీటరు

మొదటి పాఠంలో సంపు, డాబా మీది ట్యాంకు, బోరు అనే మూడింటినీ కొలవడం నేర్చుకున్నాము. రెండో పాఠంలో డాబా ట్యాంకు నుంచి దిగే ప్రధాన పైపుకు ఒక పెద్ద మీటరు బిగించి, ముప్పై రోజుల పాటు ఉదయం ఒకే వేళకు దాని అంకెను పుస్తకంలో రాసుకున్నాము. ఆ పని పూర్తి చేసిన వారి చేతిలో ఇప్పుడు భవనం మొత్తం వాడకం ఉండాలి. ఆ మొత్తాన్ని ఇంటింటికీ విడగొట్టడం ఈ పాఠం పని. హనుమకొండ, కాజీపేట ప్రాంతాలలో తరచుగా కనిపించే నమూనానే, అంటే కింద స్టిల్టు పార్కింగు, పైన ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు ఉన్న భవనాన్నే లెక్కకు తీసుకుందాము.

ఆ భవనం పెద్ద మీటరు నెలకు 420 యూనిట్లు చూపిందనుకోండి. యూనిట్ అంటే ఒక ఘనపు మీటరు, అనగా వెయ్యి లీటర్లు. రోజుకు 14,000 లీటర్లు, ఫ్లాటుకు సగటున 700 లీటర్లు అయింది. మురుగు పైపుల వ్యవస్థ ఉన్న నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో నీటి సరఫరాకు పెట్టుకున్న ప్రమాణం కనుక, నలుగురున్న ఇంటికి 540 లీటర్లు సరిపోవాలి. హైదరాబాదులో 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఇస్తుంది. 135ను ఐదుగురితోనూ ముప్పై రోజులతోనూ హెచ్చిస్తే 20,250 వస్తుంది కాబట్టి, ఆ అంకె కూడా ఐదుగురున్న ఇంటి అవసరానికి దగ్గరగానే ఉందని గమనించండి. ఇంటికి నలుగురనుకుంటే మన నమూనా భవనం రోజుకు ఫ్లాటుకు 160 లీటర్లు ఎక్కువ వాడుతోంది. ఆ 160 ఏ ఇంటివో, లేక ఏ ఇంటివీ కాక షాఫ్టులో, అంటే పైపులు దిగే నిలువు సందులో, కారిపోతున్నవో, సగటు చెప్పలేదు.

చెరువు కింద పొలం ఉన్న ఇళ్లలో పుట్టిన వారికి నీరటి అంటే ఎవరో చెప్పనక్కరలేదు. తూము ఎత్తడం, దించడం, ఏ కాలువకు ఎంతసేపు వదలాలో చూడడం, చివరి మడికి నీరు అందిందో లేదో నడిచి వెళ్లి చూసి రావడం ఆయన పని. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల కింద నీటి పంపకం కట్టల మీద ఎంత ఆధారపడిందో, ఆ మనిషి మీదా అంతే ఆధారపడింది. అపార్టుమెంటులో ట్యాంకు ఉంది, పైపులున్నాయి, మోటారు వేసే వాచ్‌మన్ ఉన్నాడు. చివరి మడి దాకా నడిచి చూసే నీరటి మాత్రం లేడు. మీటరు ఆయన కళ్లకు బదులుగా పనికి వస్తుంది. వదలడమా, ఆపడమా అన్న తీర్పు మాత్రం సంఘమే చెప్పుకోవాలి.

పైపుల పటం

మీటర్ల ధరలు అడగడానికి ముందు చేయవలసిన పని ఇది. కరెంటు మీటరులాగా ఫ్లాటుకు ఒకటి కొంటే సరిపోతుందన్న భ్రమతో మొదలుపెట్టే సంఘాలే ఎక్కువ. మా భవనంలో మేమూ అలాగే ఇరవై మీటర్లు తెచ్చి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక నాలుగు నెలలు పెట్టెలలోనే ఉంచుకున్నాము. కరెంటు ఒక్క తీగ మీద ఇంట్లోకి వస్తుంది. నీరు అలా రాదు. డాబా ట్యాంకు నుంచి బయలుదేరిన పైపు డాబా మీదనే చీలి, ఒక్కొక్క షాఫ్టులోకి ఒక్కొక్క పైపుగా దిగుతుంది. వంటింటి షాఫ్టులో దిగే పైపు ఐదంతస్తుల వంటిళ్లకూ, బాత్రూం షాఫ్టులో దిగేది ఐదంతస్తుల బాత్రూంలకూ నీరిస్తుంది. కాబట్టి రెండు బాత్రూంలు, ఒక వంటిల్లు ఉన్న ఫ్లాటుకు నీరు మూడు చోట్ల ప్రవేశిస్తుంది. ఇరవై ఫ్లాట్లకు అరవై మీటర్లు కావాలి. వంటింటికి మునిసిపాలిటీ నల్లా నీరు వేరే పైపులో వచ్చే భవనాలలో, డాబా మీద అందరికీ కలిపి సోలార్ హీటరు ఉన్న భవనాలలో ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

పటం గీసే పద్ధతి ఇలా ఉంటుంది. నీటి వాడకం తక్కువగా ఉండే మధ్యాహ్నం రెండు గంటల వేళ ఒకరు డాబా మీద, మరొకరు ఫోను పట్టుకుని ఫ్లాట్లలో ఉండాలి. డాబా మీది వ్యక్తి ఒక పైపు వాల్వు మూసి, దానికి పెయింటుతో ఒక అంకె వేస్తాడు; కింది వ్యక్తి ప్రతి ఫ్లాటులో ప్రతి నల్లానూ తిప్పి, ఏవి ఆగిపోయాయో ఆ అంకె కింద రాసుకుంటాడు. పైపులో మిగిలిన నీరు కారడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది కనుక తొందరపడి రాయకూడదు. అన్ని పైపులూ పూర్తయ్యేసరికి ఒక పూట గడుస్తుంది, కాని ఈ కాగితం తరువాత పదేళ్లు పనికి వస్తుంది.

పటంలో రెండు చిక్కులు తప్పక బయటపడతాయి. గోడకు అటూ ఇటూ ఉన్న రెండు ఫ్లాట్ల బాత్రూంలకు షాఫ్టులో ఒకే కొమ్మ పైపు పెట్టి, లోపలకు పోయాక చీల్చి ఉండడం మొదటిది. ఆ కొమ్మను షాఫ్టులోనే విడదీస్తే తప్ప మీటరుకు అర్థం లేదు. ఎవరో ఒకరు ఇల్లు బాగు చేయించుకున్నప్పుడు వంటింటి పైపునూ బాత్రూం పైపునూ లోపల కలిపేయించుకోవడం రెండవది. అలాంటి ఫ్లాటులో ఒక వాల్వు మూసినా నల్లా ఆగదు. పైగా ఒక షాఫ్టు నీరు ఆ ఫ్లాటు గుండా రెండో షాఫ్టులోకి దిగి, కింది వారి వాడకం కూడా వీరి మీటరు మీద పడవచ్చు. పటంలో ఆ ఫ్లాటును ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, ముందు ఆ కలయికను తెంపించాలి.

మూడు చోట్ల వచ్చే నీటిని ఇంటి లోపల ఒకే పైపుగా కలిపించి ఒకే మీటరు పెట్టవచ్చు కదా అని ప్రతి సమావేశంలో ఒకరు అడుగుతారు. కొత్తగా కట్టే భవనానికి అదే సరైన దారి. నివసిస్తున్న ఇంట్లో టైల్స్ పగలగొట్టి పైపులు తిప్పే ఖర్చు, రెండు అదనపు మీటర్ల ధర కన్నా ఎన్నో రెట్లు అవుతుంది.

మీటరు ఎంపిక

ఇంటి కొమ్మ పైపులకు సాధారణంగా 15 మిల్లీమీటర్ల మీటరు, అంటే మనం అరించు అని పిలిచేది, సరిపోతుంది. దాని ముఖం మీద ‘క్యూ3 2.5’ అని ఉంటే, గంటకు 2,500 లీటర్ల ధారను అది నిరంతరం తట్టుకోగలదని అర్థం. ఆ పక్కనే ఆర్80 అనో, ఆర్160 అనో ఉండే అంకెను దుకాణంలో ఎవరూ వివరించరు గాని, మనకు కావలసిన సంగతి అక్కడే ఉంది. 2,500ను ఆ అంకెతో భాగిస్తే మీటరు నమ్మకంగా లెక్కించగల అతి సన్నని ధార వస్తుంది: ఆర్80కి గంటకు 31 లీటర్లు, ఆర్160కి సుమారు 16 లీటర్లు. అతి సన్నని ధారల దగ్గర 5 శాతం వరకు, మామూలు ధారల దగ్గర 2 శాతం వరకు తేడాను ప్రమాణం అనుమతిస్తుంది. ఆ హద్దు కన్నా సన్నగా పారే నీటికి ఏ హామీ లేదు.

ఇప్పుడు దీనిని ఒక లీకుతో కలిపి చూడండి. ఫ్లష్ ట్యాంకు వాషరు అరిగి, నిమిషానికి పావు లీటరు చొప్పున కమోడులోకి జారుతోందనుకుందాము. చప్పుడుండదు, ఎవరికీ కనబడదు. గంటకు 15 లీటర్లు, రోజుకు 360 లీటర్లు పోయినట్లు; ఇద్దరు మనుషుల అవసరానికి మించిన నీరు అది. ఆర్80 మీటరు దీనిని చాలా తక్కువగా చూపవచ్చు, అసలు చూపకపోవచ్చు. ఆర్160 అయితే హద్దు మీద ఉంటుంది. అందుకే ధరలో కొంత తేడా ఉన్నా రెండోదాన్నే తీసుకొమ్మని నేను చెబుతాను. ఫ్లష్ లీకును మీటరు లేకుండానే పట్టే ఉపాయం కూడా ఉంది: రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి ఉంచితే, నొక్కకుండానే తెల్లవారికి కమోడు నీటికి రంగు ఎక్కిందో లేదో కంటికే తెలుస్తుంది.

లోపల చక్రం తిరిగే మీటరును చాలా వరకు అడ్డంగా, ముఖం పైకి ఉండేలా బిగించాలి. షాఫ్టులో నిలువు పైపు మీద బిగిస్తే దాని ఖచ్చితత్వం పడిపోతుంది. కొమ్మ అడ్డంగా సాగే చోటునే ఎంచుకోవాలి. మన ప్రాంతపు రాతి నేలల బోరు నీటిలో ఇసుక నలకలు వస్తాయి, గట్టి నీరైతే లోపల తెల్లని గార పేరుకుంటుంది. మీటరు ముందున్న జల్లెడను కొన్ని నెలలకొకసారి విప్పి కడగాలి. తిరిగే భాగాలు లేని అల్ట్రాసోనిక్ మీటర్లకు ఈ బాధ తక్కువ, ధర ఎక్కువ, బ్యాటరీ ఆయుష్షు అడిగి తెలుసుకోవాలి.

పై అంతస్తు వారి అభ్యంతరం ఒకటి ముందే వినిపిస్తుంది: మీటరు పెడితే షవరు ధార తగ్గిపోతుందని. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది కనుక, ట్యాంకుకు మూడున్నర మీటర్ల దిగువనున్న ఐదో అంతస్తు నల్లాకు దక్కేది 0.35 బార్ మాత్రమే. గంటకు 2,500 లీటర్లు పారినప్పుడు మీటరు 0.63 బార్ వరకు తినవచ్చన్న అంకె చూసి భయపడే వారున్నారు గాని, ధార తగ్గితే ఈ నష్టం వర్గం లెక్కన, అంటే ధార సగమైతే నష్టం పావు వంతుకు, తగ్గుతుంది. షవరులో పారే గంటకు 600 లీటర్ల దగ్గర అది 0.04 బార్‌ను దాటదు. అయినా వారి మాటను కొట్టిపారేయకండి. ఐదో అంతస్తు ఫ్లాట్లకు 20 మిల్లీమీటర్ల మీటర్లు పెడితే గొడవ ఉండదు.

గాలి బిల్లు

ఏప్రిల్, మే నెలలలో బోరు తగ్గగానే చాలా భవనాలలో ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు మాత్రమే వాల్వు తెరుస్తారు. ఈ వేళల పద్ధతికీ మీటర్లకూ అసలు పొసగదు. డాబా మీద వాల్వు మూసి ఉండగా రెండో అంతస్తులో ఎవరైనా నల్లా తిప్పితే, నిలువు పైపులో మిగిలిన నీరు కిందికి జారుతూ, పై అంతస్తులో తెరిచి వదిలేసిన నల్లా ద్వారా గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పై వారి మీటరు వెనక్కి తిరుగుతుంది. మళ్లీ వాల్వు తెరవగానే పైపులోని గాలి బయటకు తన్నుకొస్తూ మీటరును ముందుకు గిరగిరా తిప్పుతుంది. అప్పుడు నమోదయ్యేది నీరు కాదు, గాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండినప్పుడూ ఇంతే జరుగుతుంది.

కాబట్టి మీటర్లు పెట్టిన భవనం వేళల పద్ధతిని వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం. నీరు ఎప్పుడు ఆగుతుందో తెలియని ఇంట్లో బిందెలు, డ్రమ్ములు నింపి పెట్టుకుని మరునాడు పారబోస్తారు కనుక, వేళల వల్ల మిగిలేది అనుకున్నంత ఉండదు. వదులుకోలేని పరిస్థితి ఉంటే ప్రతి మీటరు తరువాత వెనక్కి పారనివ్వని ఒక నాన్ రిటర్న్ వాల్వు, ప్రతి నిలువు పైపు తల దగ్గర గాలి పోయే గొట్టం పెట్టించాలి. ట్యాంకు అడుగంటకుండా మోటారుకు ఆటోమేటిక్ స్విచ్చి ఎలాగూ అవసరమే.

రీడింగు, తేడా

మీటరు మీద నల్ల అంకెలు యూనిట్లు, ఎర్ర అంకెలు యూనిట్‌లో భాగాలు. బిల్లుకు నల్లవి చాలు. ఎర్రవి, వాటి పక్కనే తిరిగే చిన్న నక్షత్ర చక్రం లీకులు పట్టడానికి పనికి వస్తాయి. ఇంట్లో అన్ని నల్లాలూ కట్టి ఉన్నప్పుడు ఆ చక్రం కదులుతోందంటే నీరు ఎక్కడో పోతున్నట్లే. నెల మొదటి తేదీన అరవై మీటర్లనూ, పెద్ద మీటరునూ గంట వ్యవధిలోనే చదివి, ఫొటోలు తీసి పెట్టాలి. ఈ భారం వాచ్‌మన్ ఒక్కడి మీదే వేయకండి. బిల్లు మీద తగాదా వచ్చిననాడు మాట పడేది ఆయనే.

ఇప్పుడు ఈ పాఠంలోని అసలు మెట్టు. ఇరవై ఫ్లాట్ల మొత్తం 372 యూనిట్లు వచ్చిందనుకోండి. పెద్ద మీటరు 420 చూపింది. తేడా 48, అంటే 11 శాతానికి పైన. ఈ తేడాను తెలుసుకోకుండా బిల్లు వేసిన సంఘం మొదటి నెలలోనే నమ్మకం పోగొట్టుకుంటుంది. వాచ్‌మన్ గది, మొక్కలు, స్టిల్టు కడగడం, కార్లు కడగడం వీటన్నిటికీ నీరిచ్చే ఉమ్మడి పైపుకు ఒక మీటరు పెడితే అది 18 చూపవచ్చు. మిగిలిన 30 యూనిట్లు, అంటే 7 శాతం, మీటర్ల కంటికి ఆనని సన్నధారలూ షాఫ్టులో చెమ్మగిల్లే జాయింట్లూ. ఈ శాతం నెలనెలకూ స్థిరంగా ఉంటే మీటర్ల స్వభావమని సరిపెట్టుకోవచ్చు; ఒక్క నెలలో రెట్టింపు అయిందంటే షాఫ్టులోకి టార్చిలైటు వేసి చూడవలసిందే. మొదటి మూడు నెలలు డబ్బు వసూలు చేయకుండా కాగితం బిల్లులు మాత్రమే పంచండి. చాలా ఫ్లష్ ట్యాంకులు ఆ మూడు నెలలలోనే బాగవుతాయి.

తరువాత పంపకం. నల్లా బిల్లు, మోటారు కరెంటు, ట్యాంకర్లు, మరమ్మతులు అన్నీ కలిపి నెలకు 24,000 రూపాయలు అయిందనుకుందాము. ఎవరు ఎంత వాడినా తప్పని ఖర్చు అందులో 8,000 అయితే, అది ఫ్లాటుకు 400 చొప్పున అందరి మీదా సమానం. మిగిలిన 16,000ను 372తో భాగిస్తే యూనిట్‌కు 43 రూపాయలు వస్తుంది. ఉమ్మడి వాడకమూ లీకులూ ఈ ధరలోనే ఇమిడి ఉన్నాయి. 9 యూనిట్లు వాడిన వృద్ధ దంపతులకు 787 రూపాయలు, 31 యూనిట్లు వాడిన ఇంటికి 1,733 రూపాయలు పడతాయి. సమాన వాటా పద్ధతిలో ఇద్దరూ 1,200 చొప్పున కడుతూ వచ్చారు.

ఎక్కువ వాడిన వారికి ఎక్కువ రేటు అనే శ్లాబు పద్ధతిని ఇక్కడే చేర్చాలని మీకు అనిపిస్తుంది. ఆరుగురున్న ఇల్లు ప్రమాణం ప్రకారమే వాడినా నెలకు 24 యూనిట్లు దాటుతుంది. శ్లాబును ఇంటికి కట్టాలా, తలకు కట్టాలా అన్నది తేల్చకుండా అందులోకి దిగితే దుబారా చేసే ఇంటి కన్నా పెద్ద కుటుంబం ముందు దెబ్బ తింటుంది. నాలుగో పాఠం దాని గురించే.

ఆలోగా చేయవలసిన అభ్యాసం: మీ భవనం పైపుల పటం గీసి, ఎన్ని మీటర్లు కావాలో లెక్క తేల్చండి. తరువాత ఈ ప్రశ్నకు జవాబు రాసి ఉంచుకోండి: పెద్ద మీటరు 310 యూనిట్లు, ఫ్లాట్ల మొత్తం 322 యూనిట్లు చూపితే, తప్పు ఎక్కడ వెతకడం మొదలుపెడతారు?